తిరుపతిలో ఉంటూ ‘అన్నమయ్య’ పాటలు వినడం ఎలా

తిరుపతిలో ‘అన్నమయ్య’ పాటల్ని ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. బస్టాండు దగ్గర టీ కొట్లో ఒకటి, గాంధీ రోడ్డు అంగట్లో ఒకటి, ఎక్కిన ఆటోలో ఇంకొకటి మోగుతూ ఉంటాయి. పెళ్లికి వెళ్తే అక్కడా అవే. 1997లో కె. రాఘవేంద్రరావు ఆ సినిమా తీసినప్పటినుంచీ ఇదే వరస. మనకొచ్చిన చిక్కు కూడా అదే. పల్లవి సగం, చరణంలో పావు, మధ్యలో బస్సు హారన్, ఇట్లా ముక్కలుగా చెవిన పడీ పడీ ఆ పాటలన్నీ మనకు వచ్చేసినట్టే ఉంటుంది. ఒక్క చరణం చివరిదాకా చెప్పమంటే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఎం.ఎం. కీరవాణికి జాతీయ అవార్డు తెచ్చిన ఆల్బమ్ అది. పైగా ఆ కీర్తనల్లో ఉన్న కొండ మన మిద్దె మీద నుంచి కనిపించే కొండ. వేరే ఊళ్లలో వినేవాళ్లకు లేని భాగ్యం ఇది. దీన్ని ఊరి రొదలో కలిసిపోనివ్వకుండా, రోజులో దానికంటూ ఒక చోటు ఇచ్చి ఎలా వినాలో చెప్తాను. మీకు ఇష్టమైన ఆల్బమ్ వేరేదైనా పద్ధతి చాలావరకు ఇదే.

ముందు ఒక మంచి కాపీ

ఫోన్‌లో పాట పేరు కొట్టగానే మొదట వచ్చిందాన్ని నొక్కేయకండి. అన్నమాచార్య కీర్తనలు పాడినవాళ్లు వందల మంది. ఒకే పల్లవితో పది రకాల పాటలు దొరుకుతాయి. సినిమా పేరు, సంగీతం కీరవాణి అని ఉందా చూసుకోండి. ఎవరో కలిపిన డప్పులతో, పెంచిన వేగంతో తిరిగే రీమిక్సులను పక్కన పెట్టండి. వాటిలో మాట నలిగిపోతుంది. ఈ ఆల్బమ్‌కు ప్రాణం మాటే.

పాటల యాప్‌లో సెట్టింగ్స్ తెరిచి మూడు పనులు చేయండి. డేటా సేవర్ ఉంటే తీసేయండి. నాణ్యత దగ్గర అన్నిటికంటే ఎక్కువది ఎంచుకోండి. చాలా యాప్‌లలో అది 320 కేబీపీఎస్. ఒక పాట తోక మీద ఇంకో పాట ఎక్కేలా చేసే క్రాస్‌ఫేడ్‌ను ఆపేయండి. షఫుల్ కూడా వద్దు. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆల్బమ్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకుంటే ఘాట్ రోడ్డులో సిగ్నల్ పోయినా పాట తెగదు. బాస్ బాగా పెంచే ఈక్వలైజర్ అలవాటున్నవాళ్లు ఈ ఒక్కదానికి దాన్ని మామూలుగా పెట్టండి. మృదంగం, తబలా మోత పెరిగితే గొంతు వెనక్కి పోతుంది.

పాత క్యాసెట్ ఇంట్లో ఉంటే పారేయకండి. ఎండ తగలని, తేమ లేని చోట, అయస్కాంతం ఉన్న స్పీకర్లకు దూరంగా నిలబెట్టి ఉంచండి. చాలా ఏళ్లుగా తిప్పని టేపును ప్లే చేసేముందు ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పితే అంటుకున్న పొరలు విడిపోతాయి.

స్పీకర్‌ను గోడ మూలకు నెట్టకండి, మూలలో పెడితే బొంగురు పెరుగుతుంది. గోడకు జానెడు దూరంలో, కూర్చున్నప్పుడు మీ చెవి ఉండే ఎత్తులో పెడితే చాలు. ఇయర్‌ఫోన్స్‌లో వినేవాళ్లకు ఒక లెక్క. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. తిలక్ రోడ్డు రద్దీని మించి వినపడాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోతే ఆ గీత తొందరగానే దాటేస్తాం. రద్దీలో వినకపోవడమే మేలు.

వారానికి ఒక పాట

ఆల్బమ్ పెద్దది. అన్నీ ఒకేసారి వింటే మళ్లీ అది రొదే అవుతుంది. మొదటి ఆదివారం మాత్రం మొత్తం ఒకసారి, ఏ పనీ పెట్టుకోకుండా వినండి. ఆ తర్వాత వారానికి ఒక పాట ఎంచుకోండి. ఆ వారం ఇంట్లో అదే.

ఎంచుకున్న పాటకు కీర్తన పాఠం దగ్గర పెట్టుకోండి. తితిదే పుస్తకాల అంగళ్లలో అన్నమయ్య కీర్తనల పుస్తకాలు దొరుకుతాయి. సినిమా పాటకు నిడివి తక్కువ కాబట్టి చరణాలు తగ్గించడం మామూలే. అందుకే పుస్తకంలోని పూర్తి పాఠం చదివి, తర్వాత పాట వినండి. ఒక నోటు పుస్తకంలో మీ చేత్తో రాసుకుంటే ఇంకా మంచిది. రాస్తున్నప్పుడు ప్రతి మాట దగ్గరా ఆగక తప్పదు.

ఎందుకింత చెప్తున్నానో ‘కొండలలో నెలకొన్న కోనేటి రాయడు వాడు’ తీసుకుని చూడండి. ఊళ్లో అందరికీ వచ్చిన పల్లవి. ఆ తర్వాత ఏముంది? అన్నీ మనుషుల పేర్లే. ‘కుమ్మర దాసుడైన కురువరతి నంబి ఇమ్మన్న వరములెల్ల ఇచ్చినవాడు’ అన్నది మట్టి పిసికే కుమ్మరి కథ. ‘తొండమాం చక్కురవర్తి రమ్మన్న చోటికి వచ్చి నమ్మినవాడు’ దగ్గర తొండమాన్ చక్రవర్తి కనిపిస్తాడు. ఆయన పేరు మీదున్న తొండమనాడు శ్రీకాళహస్తి దగ్గరే ఉంది, అక్కడ వేంకటేశ్వరుడి గుడీ ఉంది. పిలిస్తే దేవుడు నడిచి వచ్చాడని చెప్పుకునే చోటికి మనం బస్సెక్కి పోయి రావచ్చు. ‘అనంతాళువారికి ముచ్చిలి వెట్టికి మన్ను మోసినవాడు’ అన్న చోట ఇంకాసేపు ఆగండి. తిరుమలలో చెరువు తవ్వుతున్న అనంతాళ్వారుకు, ఆయన భార్యకు సాయంగా స్వామి పిల్లవాడి రూపంలో వచ్చి మన్ను మోశాడని, కోపంతో ఆళ్వారు విసిరిన గునపం గడ్డానికి తగిలిందని కథ. ఆ గునపం ఇప్పటికీ ఆలయ మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతూ ఉంటుంది. స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అద్దేది అందుకేనంటారు. క్యూలో తోసుకుంటూ ఆ ద్వారం దాటినవాళ్లం ఎంతమందిమి తలెత్తి ఆ గునపాన్ని చూశాం? ఈ చరణం నోటికి వచ్చినవాడు తప్పకుండా చూస్తాడు. అదే చరణంలో తర్వాత తిరుమలనంబి వస్తాడు, ఆయన సన్నిధి కొండ మీద దక్షిణ మాడవీధిలో ఉంది. చివరగా కంచి నుంచి తిరుకచ్చినంబి.

అంటే ఈ పాట ఒక చిరునామాల పట్టీ. వారమంతా విని, సెలవు రోజున అందులోని ఒక్క చోటికి వెళ్లి రండి. వచ్చాక మళ్లీ వినండి. గొంతు అదే, వాయిద్యాలు అవే. మీకు మాత్రం ఆ పేర్లు పేర్లుగా ఉండవు, చూసొచ్చిన మనుషుల్లా ఉంటాయి.

రోజులో ఏ పాట ఎక్కడ

ఉదయానికి ‘విన్నపాలు వినవలె వింత వింతలు’. ఇది మేలుకొలుపు. శేషుడి మీద పడుకున్న స్వామికి ఆ పాము పడగే దోమతెర అయిందట, దాన్ని పైకెత్తి బయటికి చూడమని అడుగుతున్నాడు కవి. తెల్లవారి జాము దాటింది, దేవతలూ మునులూ వచ్చి నిలబడ్డారు అంటాడు. అలారం మోతకు బదులు ఈ పాట పెట్టుకోవాలని అందరికీ అనిపిస్తుంది. పెట్టుకోకండి. అలారంగా పెట్టిన పాట మీద కొన్నాళ్లకు విసుగు పుడుతుంది. లేచి, మొహం కడుక్కుని, కాఫీ గ్లాసు చేతిలోకి వచ్చాక పెట్టండి. వాకిట్లో ముగ్గు వేసేవాళ్లకు వినపడేంత చాలు, పక్కింటి దాకా అక్కర్లేదు.

‘అదివో అల్లదివో శ్రీహరివాసము’ను గదిలో వినకండి. అది వేలు చూపించి పాడే పాట. మిద్దె ఎక్కండి. భవానీ నగర్, కె.టి. రోడ్డు, బైరాగిపట్టెడ, ఎక్కడున్నా ఉత్తరం వైపు తిరిగితే కొండ వరస అడ్డంగా పరుచుకుని ఉంటుంది. ‘పదివేల శేషుల పడగల మయము’ అన్నప్పుడు ఆ ఎర్రటి రాతి అంచులను ఎడమ నుంచి కుడికి కళ్లతో తడిమి చూడండి. పొద్దున ఎండ పక్కనుంచి పడేటప్పుడు రాతి మడతలు బాగా తేలుతాయి. వానాకాలం ముసురులో కొండ సగం కనిపించదు, అప్పుడు కూడా ఒకసారి వినాలి.

వంటింట్లోకి ‘ఏలే ఏలే మరదలా’. బావామరదళ్ల సరసం, ఒకరు అంటే ఒకరు ఎదురనే తీరు, పని చేసే చేతులకు సరిగ్గా సరిపోయే నడక. కుక్కర్ పెట్టినప్పుడు మాత్రం వద్దు, విజిల్ వచ్చి మంచి చోట కోసేస్తుంది. సంగటి కెలికేటప్పుడు పెట్టండి. రెండు చేతులూ కట్టె మీద ఉంటాయి కాబట్టి పాట మధ్యలో ఫోన్ ముట్టుకోవడం కుదరదు. ఊరుబిండి నూరేది మిక్సీలో అయితే ఆ పని ముందే ముగించుకోండి.

ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే దగ్గరైంది ‘పొడగంటిమయ్యా’. దీన్ని ఎండాకాలానికి దాచుకోండి. మన సీమలో మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? పాదరసం 40 దాటుతుంది, కొళాయి నీళ్లు మధ్యాహ్నానికి కాగుతాయి, కపిలతీర్థంలో జలపాతం ఉండాల్సిన చోట ఎండిన రాయి నిలబడి ఉంటుంది. అలాంటి మధ్యాహ్నం భోజనం అయ్యాక, కిటికీలు మూసి, ఫ్యాను కింద చాప మీద పడుకుని వినండి. ‘గారవించి దప్పిదీర్చు కాలమేఘమా’ అన్న మాట వస్తుంది. దేవుణ్ణి నల్లమబ్బు అనడం కవిత్వంలో చాలాచోట్ల చూస్తాం. కానీ నీటికి మొహంవాచిన నేల మీద పుట్టిన మనిషి, ఆదరంగా వచ్చి దాహం తీర్చే నల్లమబ్బా అని పిలిస్తే అందులో రంగు ఒక్కటే లేదు. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక ఉన్నది రాజంపేట దగ్గర, అక్కడి ఎండ కూడా మనకు తెలిసిందే. ఇదే కీర్తనలో ‘పెద్దలిచ్చిన నిధానమా’ అంటాడు, ‘రోగాలడచి రక్షించే దివ్యౌషధమా’ అంటాడు. నిధి, మందు, వాన. ఈ ప్రాంతపు మనిషి బతకడానికి ఏమేం కోరుకుంటాడో అవన్నీ వరసగా ఉన్నాయి. ఎండాకాలంలో ఈ పాట విన్నవాళ్లు ఈశాన్య ఋతుపవనాలు వచ్చి కపిలతీర్థం దూకడం మొదలుపెట్టిన రోజున అక్కడికి పోయి మళ్లీ వినండి. గొడుగు మర్చిపోకండి.

రాత్రికి ‘అంతర్యామి అలసితి సొలసితి’. సినిమా చివర్లో వచ్చే పాట ఇది. అందుకే దీన్ని రోజూ వినొద్దంటాను. దినమంతా నిజంగా అలసిన రోజునే వినండి. ‘కోరిన కోర్కులు కోయని కట్లు, తీరవు నీవవి తెంచక’ అన్న మాటలు తీరిక ఉన్నవాడికి ఒకలా వినపడతాయి, ఆసుపత్రి నుంచో కోర్టు నుంచో ఇంటికి వచ్చినవాడికి ఇంకోలా. దీని తర్వాత వేరే పాట రాకుండా చూసుకోండి. యాప్ దానంతట అదే ఇంకేదో మొదలుపెట్టేస్తుంది, ఆ ఆటోప్లేను ముందే ఆపేయాలి.

గొంతు మీద ఒక పూట

ఒక ఆదివారం మాటల్ని పక్కన పెట్టి గొంతునే వినండి. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమే. నగరి, శ్రీకాళహస్తి, తిరుపతి మీదుగా చదువుకుంటూ వెళ్లిన మనిషి ఆయన, మన వైపు వాడు. 2020 సెప్టెంబర్ 25న వెళ్లిపోయారు. ‘విన్నపాలు’లో మెల్లగా నిద్ర లేపే గొంతును, ‘పొడగంటిమయ్యా’లో కళ్లారా చూసినవాడి గొంతును, ‘అంతర్యామి’లో అలసిన గొంతును వెంటవెంటనే వినండి. మాట చివర ఊపిరి ఎక్కడ వదులుతున్నారో, ఒక అక్షరాన్ని ఎంతసేపు పట్టి ఉంచుతున్నారో గమనించండి. వయసు పెరిగిన అన్నమయ్య ఆ ఊపిరిలోనే తెలుస్తాడు. ఇయర్‌ఫోన్స్ నిజంగా పనికొచ్చేది ఈ పూటే.

దారిలో

అలిపిరి మెట్లు 3,550. ఎక్కడానికి చాలామందికి మూడు నాలుగు గంటలు పడుతుంది. మొత్తం దారి పాటలతో నింపకండి. గాలిగోపురం దాకా ఏమీ పెట్టుకోకుండా ఎక్కండి, ఊపిరి ఆడనప్పుడు పాట కూడా బరువే. గాలిగోపురం తర్వాత దారి కాస్త చదునవుతుంది, అక్కడ ఒక చెవికి మాత్రమే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. రెండో చెవి గోవింద నామాలకూ, వెనక వచ్చేవాళ్లకూ, అడవికీ ఉండాలి. ఆ దారిలో చిరుతలు తిరుగుతున్నాయి కాబట్టి ఇది జాగ్రత్త కోసం కూడా చెప్తున్న మాట. ఫోన్ స్పీకర్‌లో గట్టిగా పెట్టుకుని నడవడం మానండి. పక్కన నడిచేవాళ్లు వాళ్ల మొక్కుతో నడుస్తున్నారు. గుడిలోకి ఫోన్ పోదు, ముందే అప్పగించాలి. అప్పటికి పాట నోటికి వచ్చి ఉంటే లోపల ఫోన్‌తో పనేముంది?

చిత్తూరు దాకా బస్సులో పోయేవాళ్లకు ఆల్బమ్ సాగడానికి సరిపడా దారి ఉంది. చంద్రగిరి దాటేదాకా ఆగి మొదలుపెట్టండి, ఊరి రద్దీ అక్కడికి తగ్గుతుంది.

వేరేవాళ్లు పాడింది కూడా వినాలి

కొన్ని వారాలు సినిమా పాటలు కుదురుకున్నాక, అవే కీర్తనలను కచేరీ పద్ధతిలో వినండి. దీనికి ఒక కారణం ఉంది. అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా బతికినవాడు. 32,000 కీర్తనలు రాశాడని చెప్తారు, మనకు దక్కింది అందులో సగం కూడా కాదు. తిరుమల సంకీర్తన భాండాగారంలో రాగిరేకుల మీద దొరికిన వాటికి పైన రాగం పేరుంది, స్వరం లేదు. అంటే ఆయన ఎలా పాడాడో ఎవరికీ తెలీదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు తిరుపతిలో కూర్చుని వాటికి స్వరాలు కట్టారు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ రేకులను చదివి పుస్తకాలుగా తేవడానికి పాటుపడ్డారు. సినిమా మొదట్లో వచ్చే ‘తెలుగు పదానికి జన్మదినం’ రాసిన వేటూరి సుందరరామ్మూర్తిదీ అదే వేటూరి కుటుంబం. ఆ సంగతి తెలిశాక ఆ పాట వినండి, అది సినిమా కోసం మాత్రమే రాసిన పాటగా అనిపించదు.

అందుకే సినిమా బాణీ అసలైనదా, కచేరీ బాణీ అసలైనదా అన్న వాదన నాకు నచ్చదు. రెండూ మన కాలంలో వేసుకున్న బట్టలే. ‘పొడగంటిమయ్యా’ను కచేరీలో మోహనంలో పాడతారు, ‘కొండలలో నెలకొన్న’ను హిందోళంలో, ‘అదివో’ను మధ్యమావతిలో. రాగాలు తెలియకపోయినా పరవాలేదు. ముందు సినిమా పాట, వెంటనే కచేరీ పాట పెట్టి, ఎక్కడ కలిసి నడిచాయో ఎక్కడ విడిపోయాయో చూడండి. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ పాడినవి తప్పకుండా వినండి. అన్నమయ్య పాటకే జీవితం ఇచ్చి, 2025లో మన ఊళ్లోనే కన్నుమూశారు ఆయన. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి రేవతి రాగంలో పాడిన ‘నానాటి బదుకు నాటకము’ కూడా వినండి. పూర్ణకుంభం కూడలిలో ఆమె విగ్రహం ముందు నుంచి రోజూ పోతున్నవాళ్లం, ఆమె గొంతు వినకపోతే ఎలా?

కచేరీని ఎదురుగా వినాలంటే అన్నమాచార్య కళామందిరం, మహతి ఆడిటోరియం ఉన్నాయి, కొండ మీద సాయంత్రం నాదనీరాజనం వేదిక ఉంది. అన్నమయ్య జయంతి వైశాఖ పౌర్ణమికి, వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశికి వస్తాయి. ఆ రోజుల్లో జరిగే గోష్ఠిగానంలో వందల గొంతులు కలిసి ఒకే కీర్తన ఎత్తుకుంటాయి. క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. కాస్త ముందుగా పోయి మధ్య వరసలో కూర్చోండి, స్పీకర్ పెట్టె పక్కన కూర్చుంటే మృదంగం తప్ప ఏమీ మిగలదు.

ఇంట్లో వాళ్లతో

పిల్లలకు ఆల్బమ్ మొత్తం వినిపించాలని చూడకండి. ‘కొండలలో’ పల్లవి ఒక్కటి నేర్పండి, గునపం కథ చెప్పండి, చరణం వాళ్లే అడుగుతారు. అవ్వాతాతలు ఉన్న ఇల్లైతే ఇంకా సులువు. చాలామంది అవ్వలకు ఈ కీర్తనలు సినిమాకు ముందే, భజన పాటలుగా వచ్చి ఉంటాయి. వాళ్లు పాడే తీరును ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ఫ్యాను ఆపి, ఫోన్‌ను బల్ల మీద గుడ్డ పరిచి పెట్టి, వాళ్ల నోటికి మూరెడు దూరంలో ఉంచితే బాగా వస్తుంది. పాట పేరు, పాడినవాళ్ల పేరు, తేదీ మొదట్లోనే మీ గొంతుతో చెప్పండి, తర్వాత వెతకడానికి పనికొస్తుంది.

ఇంట్లో ఒకరికి ఈ పాటలు మొహం మొత్తితే ఆ వారం ఆపేయండి. మీకే ఎప్పుడైనా పాట మొదలై ముగిసినా తెలియకుండా పోతే, అదీ ఆపాల్సిన గుర్తే. ఒక నెల వేరే ఏదైనా వినండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మీకు బాగా వచ్చిన పాటతో కాకుండా ‘మూసిన ముత్యాలకేలే మొరగులు’తో మొదలుపెట్టండి. అది బయట ఆటోల్లో, అంగళ్లలో పెద్దగా వినపడదు కాబట్టి చెవికి కొత్తగా ఉంటుంది. దాని పాఠం కొంచెం కష్టం, పుస్తకంలో తాత్పర్యం ఉన్న ప్రతి కొనుక్కోండి.